మూడో వైరు ఎవరికి?

గుండె వైఫల్యంతో బాధపడుతున్న మనిషికి సీఆర్‌టీ పేస్‌మేకర్ పెట్టాలని డాక్టరు చెప్పగానే ఇంటివాళ్లు ఖర్చెంతని అడుగుతారు. ఆ వెంటనే అడిగేది, "పెడితే తప్పకుండా బాగవుతుందా?" అని. మొదటిదానికి ఆస్పత్రి కౌంటర్లో జవాబు దొరుకుతుంది. రెండోదానికి వైద్యలోకం పాతికేళ్లకు పైగా జవాబు వెతుకుతూనే ఉంది.

మామూలు పేస్‌మేకర్ వైర్లు గుండె కుడివైపు గదుల్లోనే ఉంటాయి. సీఆర్‌టీలో మరో వైరును గుండె వెనకవైపు సిరలోంచి పోనిచ్చి ఎడమ జఠరిక బయటి గోడ మీద కుదురుస్తారు. విద్యుత్ సంకేతం ఎడమవైపుకు ఆలస్యంగా అందే గుండెలో జఠరిక గోడలన్నీ ఒక్కసారిగా ముడుచుకోవు. పల్లకి మోసే బోయీల్లో ఒక పక్కవాళ్లు అడుగు ఆలస్యంగా వేస్తే ఎలా ఉంటుందో అలా, బలం ఖర్చవుతుంది గానీ పల్లకి సాగదు. రెండు వైపులా సంకేతమిచ్చి ఆ అడుగులు కలపడమే ఈ పరికరం పని. 1990ల్లో ఫ్రాన్సులో తొలి ప్రయత్నాలు జరిగాయి. 2001లో అమెరికా అనుమతిచ్చింది. అప్పటినుంచి ఈ పరికరం మంచం దిగలేని మనుషుల్ని మళ్లీ బజారుకు నడిపించింది. కొందరికి మాత్రం ఏమీ చేయలేకపోయింది.

ఆ కొందరిని ముందే గుర్తించగలమా, అసలు గుర్తించాలా అన్నచోట గుండె డాక్టర్లలో రెండు పక్షాలున్నాయి. ఆ రెండు పక్షాల మాటలనూ ఇక్కడ ఇద్దరి నోట పెట్టాను. ఒకరు వైద్య కళాశాలలో గుండె జబ్బుల విభాగం నడిపి రిటైరైన ప్రొఫెసర్. మరొకరు ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు రోజూ ఈ పరికరాలు అమర్చే డాక్టర్. మనుషులు కల్పితం. వాళ్లు ఎత్తిన అధ్యయనాలూ అంకెలూ కల్పితం కావు.

డాక్టర్: సార్, మీరు నేర్పిన పద్ధతిలోనే నడుస్తున్నాను. గుండె రక్తాన్ని బయటికి నెట్టే శక్తి, అంటే ఈఎఫ్, 35 శాతం లేదా అంతకు తక్కువ, ఈసీజీలో ఎడమవైపు విద్యుత్ దారి తెగిన ఆనవాలు, అంటే లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్, క్యూఆర్‌ఎస్ వెడల్పు 150 మిల్లీసెకన్లు, ఆ పైన. మందులు సరిగ్గా వాడినా ఆయాసం తగ్గని మనిషి. ఇవన్నీ ఉంటే పెడుతున్నాను. అయినా దాదాపు ముగ్గురిలో ఒకరికి చెప్పుకోదగ్గ మార్పు రాదు. ఆ ఒక్కరు ఎవరో చెయ్యి వేయకముందే తెలుసుకోవాలని నా పట్టుదల.

ప్రొఫెసర్: మార్పు రాలేదని ఎలా తేలుస్తున్నావమ్మా?

డాక్టర్: ఆరు నెలలకు ఎకో తీస్తాం. ముడుచుకున్నప్పుడు ఎడమ జఠరికలో మిగిలే రక్తం పరిమాణం కనీసం 15 శాతం తగ్గాలి. తగ్గకపోతే నాన్‌రెస్పాండర్ అని రాసుకుంటాం.

ప్రొఫెసర్: ఆ మాట మీదే నాకు అభ్యంతరం. గుండె వైఫల్యం దానంతటది కుదుటపడే జబ్బు కాదు, ఏడాదికేడాది దిగజారుతుంది. పరికరం పెట్టిన మనిషి ఆరు నెలల తర్వాత ఎక్కడున్నవాడు అక్కడే ఉన్నాడనుకో, పెట్టకపోయి ఉంటే ఎక్కడుండేవాడో నీకెలా తెలుస్తుంది? దిగజారకుండా ఆగడం కూడా ఫలితమే. అది నీ ఎకోలో కనబడదు. ఇంకో సంగతి. 2010లో సర్క్యులేషన్ పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. అంతకుముందు పరిశోధకులు వాడిన 15 రకాల కొలబద్దల్ని తీసుకుని ఒకే 426 మందికి వర్తింపజేశారు. ఒక కొలబద్ద ప్రకారం 32 శాతం మంది బాగుపడ్డారు, ఇంకోదాని ప్రకారం 91 శాతం. కనీసం ఏదో ఒక కొలబద్ద ప్రకారం బాగుపడినవాళ్లు 99 శాతం, ఏదో ఒకదాని ప్రకారం బాగుపడనివాళ్లు 94 శాతం! అవే గుండెలు, అవే పరికరాలు. ఇంత వదులుగా ఉన్న మాటను ముందే ఊహించి చెప్పాలంటావేం?

డాక్టర్: కొలబద్ద వంకరగా ఉంటే సరిచేసుకుందాం సార్. అంతమాత్రాన కొలవడమే మానేస్తామా?

ప్రొఫెసర్: మానొద్దు. కొలిచినదాని విలువ ఎంతో మరిచిపోవద్దు. 2002 నాటి మిరాకిల్ అధ్యయనం గుర్తుందా? 453 మందికి పరికరం అమర్చి, సగం మందికి దాన్ని ఆన్ చేయకుండా ఉంచారు. ఎవరిది పనిచేస్తోందో రోగికి తెలియదు. ఆరు నెలలకు చూస్తే పరికరం పనిచేస్తున్నవాళ్లలో 67 శాతం మెరుగుపడ్డారు. ఆన్ చేయనివాళ్లలో కూడా 39 శాతం మెరుగుపడ్డారు. అంటే నువ్వు రెస్పాండర్ అని రాసుకున్నవాళ్లలో కొందరు పరికరం లేకపోయినా ఆ మాత్రం తేలికపడేవాళ్లే. నాన్‌రెస్పాండర్ అన్నవాళ్లలో కొందరిని అదే నిలబెట్టి ఉంటుంది. ఒక్క మనిషిని చూసి ఇది ఎప్పటికీ తేలదు. గుంపును గుంపుతో పోల్చినప్పుడే తేలుతుంది. అలా పోల్చింది 2005లో వచ్చిన కేర్ హెచ్‌ఎఫ్. 813 మంది, సగటున 29 నెలల పైన పరిశీలన. మందులు మాత్రమే వాడినవాళ్లలో 30 శాతం చనిపోయారు, పరికరం కూడా పెట్టినవాళ్లలో 20 శాతం. షాకిచ్చే డీఫిబ్రిలేటర్ లేని ఉత్త సీఆర్‌టీతోనే ఇంత తేడా వచ్చింది. అంత మేలు కళ్లముందుండగా, ఏవో లెక్కలు వేసి "నీకు పనిచేయదు" అని ఒకరిని వెనక్కి పంపే హక్కు నీకెక్కడిది?

డాక్టర్: గుంపు లెక్కతో నాకు పేచీ లేదు సార్. నా ముందు కూర్చునేది గుంపు కాదు కదా. పొలం తాకట్టు పెట్టి డబ్బు తెస్తానంటున్న కొడుకు కూర్చుంటాడు. పరికరం ఖర్చు లక్షల్లో. బ్యాటరీ అయిపోతే మళ్లీ పెట్టె మార్చాలి. ఇన్ఫెక్షన్ వస్తే వైర్లన్నీ పీకాల్సి రావచ్చు. "సగటున మేలు జరుగుతుంది బాబూ" అని ఆ అబ్బాయితో చెప్పి ఊరుకోమంటారా? ఇంకో మాట. మీరన్నట్టు ఇదంతా కొలతల్లోని గందరగోళమే అయితే, మార్పు రానివాళ్లలో కారణాలేమీ దొరకకూడదు. దొరుకుతున్నాయి. పాత గుండెపోటుతో ఎడమ గోడ మచ్చ కట్టిన మనిషికి సరిగ్గా ఆ మచ్చ మీదే వైరు కుదిరితే సంకేతం కండరంలోకి పాకదు. వైరు గుండె మొన దాకా జారి కూర్చున్నవాళ్లకు ఫలితం తక్కువని మాడిట్ సీఆర్‌టీ అనే అధ్యయనంలోని రోగుల్లో చూశారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లలో గుండె తన ఇష్టం వచ్చినట్టు కొట్టుకుంటూ పరికరానికి అవకాశమే ఇవ్వదు. 2011లో 36,935 మంది పరికరాల రికార్డులు చూస్తే, కొట్టుకున్న ప్రతి నూరుసార్లలో 98కి పైగా పరికరం ఇచ్చినవే అయినవాళ్లలో మరణాలు అన్నిటికంటే తక్కువ. ఇవన్నీ కారణాలే సార్, యాదృచ్ఛికాలు కావు.

ప్రొఫెసర్: అవి కారణాలేనని నేనూ ఒప్పుకుంటాను. అయితే నువ్వు చెప్పినవాటిలో ఎక్కువ భాగం పెట్టే పనిలో, పెట్టాక చూసుకునే పనిలో ఉన్న లోపాలు. మనిషిని ఎంచుకోవడంలో వచ్చినవి కావు. వాటిని సరిదిద్దు, రోగిని తిప్పి పంపకు.

(ఇక్కడ పాఠకులకు ఒక వివరం. మామూలు ఈసీజీ కాగితం మీద అడ్డంగా ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లు. జఠరికల నిండా సంకేతం పాకడానికి పట్టే కాలమే క్యూఆర్‌ఎస్ వెడల్పు. ఆరోగ్యంగా ఉన్న గుండెలో అది మూడు గడులకు లోపే ఉంటుంది. డాక్టర్లు 150 అంటున్నది నాలుగు గడులకు కాస్త తక్కువ. కొన్ని లక్షల రూపాయల నిర్ణయం ఒక్కోసారి ఆ కాగితం మీద పావు గడి తేడాతో తేలుతుంది. అందుకే ఆ కొలత ఎవరు, ఎంత శ్రద్ధగా తీశారన్నది చిన్న విషయం కాదు.)

డాక్టర్: ఈసీజీ విషయంలోనే అడుగుతాను. మీరు వెడల్పు చూసి సంతృప్తి పడతారు. ఆకారం సంగతేంటి? 2009లో వచ్చిన మాడిట్ సీఆర్‌టీలో 1,820 మంది ఉన్నారు. తక్కువ లక్షణాలున్నవాళ్లు, వెడల్పు 130 పైన. మొత్తం మీద మేలు కనబడింది. తర్వాత విడదీసి చూస్తే ఆ మేలంతా లెఫ్ట్ బండిల్ బ్లాక్ ఉన్నవాళ్లదే. కుడి బండిల్ బ్లాక్ ఉన్నవాళ్లకు, ఏ ఆకారానికీ చెందని వెడల్పు ఉన్నవాళ్లకు ప్రయోజనం కనబడలేదు. ఏడేళ్ల లెక్క 2014లో వచ్చింది. లెఫ్ట్ బండిల్ వాళ్లలో డీఫిబ్రిలేటర్ మాత్రమే ఉన్నవాళ్లు 29 శాతం చనిపోతే, సీఆర్‌టీ కూడా ఉన్నవాళ్లు 18 శాతం. ఇది ముందస్తు అంచనా కాకపోతే మరేమిటి సార్? మీరు వద్దంటున్న పనే ఇది.

ప్రొఫెసర్: దీన్ని నేనెప్పుడూ వద్దనలేదు. ఎందుకో చెప్పనా? ఇది జబ్బు మూలానికి సంబంధించిన కొలత. సీఆర్‌టీ సరిచేసేది విద్యుత్ ఆలస్యాన్ని. లెఫ్ట్ బండిల్ తెగినప్పుడు మధ్యగోడ ముందు ముడుచుకుంటుంది, బయటి గోడ ఆలస్యంగా ముడుచుకుని మధ్యగోడను వెనక్కి నెడుతుంది. రక్తం బృహద్ధమనిలోకి పోవాల్సింది గదిలోనే అటూ ఇటూ ఊగుతుంది. మైట్రల్ కవాటం సరిగా మూసుకోదు. ఆ ఆలస్యం ఉన్నచోట పరికరానికి పని ఉంది. లేనిచోట పని లేదు. ఇంతవరకే అంచనా. దీన్ని దాటి మీరంతా ఎకో యంత్రంతో వేరే ఆలస్యాలు వెతకడం మొదలుపెట్టారు. అక్కడ జరిగిన నష్టం నేను మరిచిపోలేను.

డాక్టర్: ఎకో సీఆర్‌టీ గురించేనా?

ప్రొఫెసర్: ముందు ప్రాస్పెక్ట్ గురించి. ఒక్కో ఆస్పత్రి నుంచి వచ్చిన చిన్న అధ్యయనాలు, ఎకోలో గోడల కదలికల మధ్య తేడా చూస్తే ఎవరు బాగుపడతారో దాదాపు తప్పకుండా చెప్పవచ్చన్నాయి. సమావేశాల్లో అందరూ అవే స్లైడ్లు. అప్పుడు 53 కేంద్రాల్లో 498 మందితో, 12 రకాల ఎకో కొలతల్ని ఒకేసారి పరీక్షించారు. ఫలితం 2008లో వచ్చింది. ఏ ఒక్క కొలతా నమ్మదగ్గది కాదు. ఒకే బొమ్మను వేర్వేరు ల్యాబుల్లో కొలిస్తే వేర్వేరు అంకెలు. బాగుపడేవాళ్లను పట్టుకునే శక్తి కొన్ని కొలతలకు 6 శాతమే! అక్కడైనా ఆగారా? ఆగలేదు. వెడల్పు తక్కువగా ఉన్నా ఎకోలో తేడా ఉంది కదా, వాళ్లకూ పెడదామన్నారు. అప్పటికే 2007లో రీథింక్ అధ్యయనం లాభం లేదని చెప్పి ఉంది. 2013లో ఎకో సీఆర్‌టీ వచ్చింది. వెడల్పు 130 లోపు, ఎకోలో తేడా ఉన్న 809 మంది. అందరికీ పరికరం అమర్చారు, సగం మందికే సీఆర్‌టీ ఆన్ చేశారు. లాభం కనబడక మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఆన్ చేసినవాళ్లలో 45 మంది చనిపోయారు, చేయనివాళ్లలో 26 మంది. అమ్మా, అందంగా కనిపించిన అంచనా వెనక మనుషులున్నారు. అందుకే యూరప్ మార్గదర్శకాలు అంతకుముందు 120 దగ్గర గీసుకున్న గీతను 130కి జరిపాయి. ఆ గీత కింద ఇక పెట్టొద్దని రాశాయి.

డాక్టర్: 130 కింద పెట్టకూడదన్నది నాకు వేదవాక్యమే సార్. ఎంత పలుకుబడి ఉన్నవాళ్లు అడిగినా పెట్టను. ఎకో సీఆర్‌టీ నాకు ఇంకో పాఠం కూడా చెప్పింది. కొలత తప్పయినప్పుడు అంచనా తప్పింది. ఆ పాతవి గోడలు పైకీ కిందకీ కదిలే కాలాన్ని కొలిచేవి. మచ్చ ఉన్న గోడ కూడా ఆలస్యంగా కదులుతుంది, విద్యుత్తుకు సంబంధం లేకుండానే. ఇప్పుడు మేం చూసేది వేరు. మధ్యగోడ మొదట్లోనే ఒక్కసారి లోపలికి దూకి వెనక్కి పోవడం, గుండె మొన ఊయలలా ఊగడం. ఇవి కంటికే కనిపిస్తాయి, నిజమైన లెఫ్ట్ బండిల్ బ్లాక్ వల్లే వస్తాయి. 2016లో ప్రెడిక్ట్ సీఆర్‌టీ అనే అధ్యయనంలో వెయ్యికి పైగా రోగుల్లో చూశారు. ఇవి ఉండి, సీఆర్‌టీ పెట్టాక సరైపోయినవాళ్లు ఎక్కువకాలం బతికారు.

ప్రొఫెసర్: అది జరిగిపోయినవాళ్ల రికార్డులు తిరగేసి చూసింది కదా? పక్కన పరికరం లేని గుంపు ఉందా?

డాక్టర్: లేదు.

ప్రొఫెసర్: లేనప్పుడు అవి ఉన్నవాళ్లు ఎక్కువకాలం బతికారని మాత్రమే తెలిసింది. పరికరం వల్ల ఎక్కువ లాభపడ్డారని తెలియలేదు. ఈ రెండింటినీ కలిపేయడమే ఈ రంగమంతటా జరుగుతున్న పొరపాటు. కంప్యూటర్ లెక్కలూ ఇంతే. 2020లో బుడాపెస్ట్‌లోని సెమ్మెల్‌వైస్ విశ్వవిద్యాలయం వాళ్లు 1,510 మంది రోగుల వివరాలతో యంత్రానికి నేర్పి ఒక స్కోరు తయారుచేశారు. పరికరం పెట్టిన మనిషి ఎన్నేళ్లలోపు చనిపోవచ్చో అంతకుముందున్న స్కోర్లకంటే బాగా చెబుతుంది. మంచి పనే. కాని కిడ్నీలు పాడైన 78 ఏళ్ల మనిషికి ఎక్కువ ప్రమాదముందని చెప్పినంత మాత్రాన, అతనికి పరికరం పనికిరాదని అర్థమా? పెట్టకపోతే ఆరు నెలలు, పెడితే రెండేళ్లు బతికే మనిషిని ఆ స్కోరు చెడ్డ రోగుల్లోకి తోసేస్తుంది. పెట్టకపోయినా పదేళ్లు బతికేవాడిని మంచి రోగుల్లో చేరుస్తుంది. లాభమంటే పెట్టినప్పటికీ పెట్టనప్పటికీ మధ్య తేడా. ఆ తేడాను నేర్పాలంటే పెట్టనివాళ్లు కూడా ఉన్న డేటా కావాలి.

డాక్టర్: అందుకే పాత అధ్యయనాల డేటాను మళ్లీ తవ్వుతున్నారు సార్, వాటిలో రెండు గుంపులూ ఉన్నాయి కాబట్టి. అలా తవ్వినందుకే ఆడవాళ్ల విషయం బయటపడింది. 2014లో అమెరికా ఎఫ్‌డీఏ పరిశోధకులు మూడు అధ్యయనాల్లోని 4,076 మందిని కలిపి చూశారు. లెఫ్ట్ బండిల్ బ్లాక్ ఉండి వెడల్పు 130 నుంచి 149 మధ్య ఉన్న ఆడవాళ్లలో చావు గానీ గుండె వైఫల్యం ముదరడం గానీ 76 శాతం తగ్గింది. అదే వెడల్పున్న మగవాళ్లకు చెప్పుకోదగ్గ లాభం లేదు. ఆడవాళ్ల గుండె చిన్నది, అందులో 135 అంటే పెద్ద ఆలస్యమే. మాడిట్ సీఆర్‌టీలో ఆడవాళ్లు పాతికశాతమే. గుంపు సగటు చాలని కూర్చుని ఉంటే ఆ తల్లులందరినీ 150 గీత బయటే నిలబెట్టేవాళ్లం. మరి ఒక్కొక్కరినీ విడదీసి చూడాలన్న నా వాదన తప్పెలా అవుతుంది?

ప్రొఫెసర్: (కాసేపాగి) ఇది నువ్వు గట్టిగా పట్టుకోవాల్సిన మాట. నా దగ్గర దీనికి ఎదురుమాట లేదు.

డాక్టర్: ఇంకోటుంది. ఎప్పుడో గుండె నెమ్మదించిందని మామూలు పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు మన ఊళ్లలో ఎందరో. కుడివైపు నుంచే ఏళ్ల తరబడి సంకేతమిస్తే కొందరిలో ఎడమ జఠరిక నీరసిస్తుంది. యంత్రమే తెచ్చిపెట్టిన లెఫ్ట్ బండిల్ బ్లాక్ అనుకోవచ్చు. 2023లో బుడాపెస్ట్ అప్‌గ్రేడ్ అధ్యయనం అలాంటి 360 మందిని తీసుకుంది. చావు, గుండె వైఫల్యంతో ఆస్పత్రి పాలవడం, ఎడమ జఠరిక పరిమాణం తగినంత తగ్గకపోవడం, ఈ మూడూ కలిపి లెక్కేస్తే డీఫిబ్రిలేటర్ మాత్రమే ఉన్నవాళ్లలో 79 శాతం, సీఆర్‌టీకి మార్చినవాళ్లలో 32 శాతం. ఇంత తేడా ఈ రంగంలో అరుదు. కాని వాళ్లు ఆయాసమని వస్తే "పేస్‌మేకర్ బాగానే పనిచేస్తోంది" అని చెక్ చేసి పంపించేస్తున్నాం. బాగుపడేవాళ్లను గుర్తించకపోవడం కూడా అంచనాలో తప్పే కదా సార్.

ప్రొఫెసర్: నా బాధంతా అదేనమ్మా! పెట్టినవాళ్లలో ఎవరు బాగుపడలేదని వేల వ్యాసాలు రాస్తాం. పెట్టాల్సి ఉండి పెట్టనివాళ్ల గురించి ఎవరు రాశారు? ముందు మందుల సంగతే చూడు. 2013లో తిరువనంతపురం జిల్లాలో 1,205 మంది గుండె వైఫల్య రోగులను నమోదు చేసి గమనించారు. సగటు వయసు 61. మార్గదర్శకాలు చెప్పిన మందులన్నీ రాయించుకుని ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లినవాళ్లు నాలుగో వంతే. బీటా బ్లాకర్ పూర్తి మోతాదుకు చేరకుండా, స్పిరోనోలాక్టోన్ అసలే లేకుండా, డాపాగ్లిఫ్లోజిన్ షుగర్ మందని పక్కన పెట్టేసి, అప్పుడు పరికరం పనిచేస్తుందా లేదా అని మచ్చల కోసం ఎంఆర్‌ఐ తీయిస్తే ఏం లాభం? కనీసం మూడు నెలలు సరైన మందులు వాడితే కొందరికి పరికరం అవసరమే పడదు.

డాక్టర్: ఆ తిరువనంతపురం లెక్క నా వైపు కూడా మాట్లాడుతుంది సార్. ఆ రోగుల్లో దాదాపు 72 శాతం మందికి మూలం గుండె రక్తనాళాల జబ్బు. అంటే మచ్చలు. మచ్చ ఎక్కడుందో చూడకుండా వైరు పెట్టడం మన దగ్గర ఇంకా పెద్ద తప్పు. ఎంఆర్‌ఐ అడిగేది రోగిని తిప్పి పంపడానికి కాదు. ఏ సిరలో దిగాలో తెలుసుకోవడానికి. వైరు కుదిర్చేటప్పుడు అక్కడికి సంకేతం ఎంత ఆలస్యంగా చేరుతోందో కూడా కొలుస్తాను. ఎంత ఆలస్యమైతే అంత మంచి చోటు. సిరల దారి ఏదీ కలిసిరాకపోతే లెఫ్ట్ బండిల్ దగ్గరికే నేరుగా వైరు బిగించే పద్ధతి ఉంది. 2017లో చైనాలోని వెంజౌ నుంచి హువాంగ్ బృందం తొలిసారి వివరించింది. ఇప్పుడు మన దగ్గరా చేస్తున్నాం.

ప్రొఫెసర్: ఆ పద్ధతిలో ఎక్కువకాలం బతుకుతారని పెద్ద అధ్యయనాలు తేల్చేదాకా దాన్ని మొదటి దారి చేసుకోవద్దు. మిగతాదానికి నాకు అడ్డు లేదు. అంచనా వేసి పనిని మెరుగుచేసుకుంటానంటే సంతోషం. అంచనా వేసి మనిషిని కాదంటానంటేనే నా గొడవ.

డాక్టర్: కాదనాల్సిన చోటు కూడా ఉంది సార్. వెడల్పు 140, ఆకారం కుడి బండిల్ బ్లాక్, ఎడమ గోడంతా మచ్చ. మార్గదర్శకాలు ఇలాంటి మనిషికి "పెట్టవచ్చేమో" అని బలహీనంగా రాసి వదిలేశాయి. ఆ ఇంటివాళ్లు అప్పు చేయాల్సి వస్తే నేను పెట్టొద్దనే చెబుతాను.

ప్రొఫెసర్: ఆ అప్పు ప్రభుత్వమో బీమానో భరిస్తే?

డాక్టర్: అప్పుడూ పెట్టొద్దనే అంటాను. ఛాతీలో వైరు పెట్టడం, ఇన్ఫెక్షన్ ప్రమాదం ఎవరు డబ్బిచ్చినా ఆయనవే.

ప్రొఫెసర్: నేనైతే ఆ మనిషితో కూర్చుని లాభం తక్కువనీ, ఉండకపోవచ్చనీ చెప్పి, నిర్ణయం ఆయనకే వదిలేస్తాను. ఇందులో నీకూ నాకూ కుదరదు.

వాళ్లిద్దరికీ కుదరకపోవడం సహజం. వైద్యశాస్త్రానికే ఇలా మధ్యలో పడే రోగుల విషయంలో కుదరలేదు. నా తీర్పు మాత్రం చెబుతాను. వెడల్పైన నిజమైన లెఫ్ట్ బండిల్ బ్లాక్ ఉన్నవాళ్ల విషయంలో ప్రొఫెసర్ మాటే సరైనది. వాళ్లను ఏ స్కోరూ, ఏ ఎకో కొలతా వెనక్కి పంపకూడదు. 130 కింద ఉన్నవాళ్ల విషయంలో ఇద్దరూ ఒక్కటే మాట చెప్పారు, అదీ సరైనదే. ఆ రెండింటి మధ్యలో ఉన్నవాళ్ల విషయంలో నేను డాక్టర్ పక్షం. అక్కడ సగటు లెక్క సరిపోదు. ఆడా మగా, మచ్చ ఎక్కడ, గుండె లయ ఏమిటి అని ఒక్కొక్కరినీ విడదీసి చూడాలి. చూశాక అనుమానం మిగిలితే ఆ అనుమానాన్ని దాచకుండా రోగికి చెప్పాలి. "డెబ్బై శాతం గ్యారంటీ" వంటి మాటలు ఎవరి నోటివెంటా రాకూడదు. ఆ డెబ్బై ఏ కొలబద్ద ప్రకారమో అడిగితే చెప్పలేనివాళ్లే ఆ మాట అంటారు.

మీ ఇంట్లో ఎవరికైనా సీఆర్‌టీ పెట్టాలని చెప్పి ఉంటే పాత ఈసీజీలేవీ పారేయకండి, అన్నీ తీసుకెళ్లండి. క్యూఆర్‌ఎస్ ఎన్ని మిల్లీసెకన్లో, ఆకారం లెఫ్ట్ బండిల్ బ్లాకేనా అని అడగండి. గుండె వైఫల్యం మందులన్నీ తగిన మోతాదులో మూడు నెలలైనా వాడామా అని అడగండి. పాత గుండెపోటు ఉంటే మచ్చ ఎక్కడుందో, వైరు దాన్ని తప్పించి పెట్టగలరో లేదో అడగండి. ఏళ్లనాటి మామూలు పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు కొత్తగా ఆయాసం వస్తే పెట్టె చెక్ చేయించి ఊరుకోకుండా ఎకో కూడా తీయించండి. పరికరం పెట్టించుకున్నాక ప్రతి చెకప్‌లోనూ పేసింగ్ ఎంత శాతం ఉందో రాయించుకోండి. అది 98 కంటే తగ్గితే ఎందుకు తగ్గిందో డాక్టరు చెప్పేదాకా కుర్చీలోంచి లేవకండి.